రెండుసార్లు కలిపిన సెకను

సెప్టెంబర్ 19, 1982

ఇవాళ లూసీ నవ్వింది. జూన్ తరువాత ఇదే మొదటిసారి కాబట్టి రాసి పెట్టుకుంటున్నాను.

శాన్ రామన్‌లో జ్ఞానమ్మగారింట్లో నెలనెలా జరిగే తెలుగు ప్రార్థన అయ్యాక, భోజనాల దగ్గర నవ్వింది. నవ్వించింది నేను కాదు, జ్ఞానమ్మగారి భర్త ఆనందబాబుగారు. ఆయన సివిల్ ఇంజనీరు. అనుమానం వచ్చిందంటే తీరేదాకా పళ్ళెం ముట్టడు.

"మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే ల్యాబ్‌లో ఏం చేస్తారమ్మా అసలు? గామా రేలు అంటారు, ఎక్కణ్ణుంచి వస్తాయంటే తెలీదంటారు. తెలీనిదానికి శాలరీ ఇస్తారా?"

నేను నోరు తెరిచేలోపల లూసీ అందుకుంది. "ఆకాశంలో ఎక్కడో ఒక్కసారి భగ్గుమంటుంది అంకుల్. కొన్ని సెకన్లే. ఏ దిక్కునుంచి వచ్చిందో మా డిటెక్టర్ చెప్పలేదు. కానీ రెండు శాటిలైట్లు బాగా దూరంగా ఉన్నాయనుకోండి, ముందు దేనికి తగిలింది, ఎంతసేపటికి రెండోదానికి తగిలింది అని చూస్తాం. ఆ తేడాతో ఆకాశం మీద ఒక రింగ్ గీయొచ్చు. మూడో శాటిలైట్ ఉంటే ఇంకో రింగ్. రెండూ క్రాస్ అయిన చోట చిన్న బాక్స్ వస్తుంది. అందులోంచి వచ్చిందన్నమాట."

"రెండు రింగులు రెండు చోట్ల క్రాస్ అవుతాయి కదమ్మా!" అన్నాడాయన, దొంగ దొరికినట్టు.

"మొన్న జూలైలో వచ్చినదానికి ఆ రెండో చోటు భూమి వెనకాల పడింది అంకుల్. అక్కణ్ణుంచి వస్తే మన దగ్గరున్న శాటిలైట్‌కి కనపడదు."

"అయితే సరే, చికెన్ ఇటు తోయండి" అన్నాడు. అప్పుడు నవ్వింది.

జూలైలో అలా భగ్గుమన్న పెద్ద బర్స్ట్‌కి బాక్స్ కట్టింది లూసీయే. శాటిలైట్ల గడియారాల లెక్కంతా ఆమె చేతిలో ఉంటుంది. ఏడో నెలలోనే కాన్పయి బాబు దక్కకపోతే, నెల తిరక్కుండా ఆఫీసుకి వచ్చి కూర్చుని చేసిన పని అది. ఆస్పత్రి పనులూ సిమెటరీ పనులూ నేనే చూసుకున్నాను, ఆమె చేత ఒక్క కాగితం ముట్టించలేదు. భర్తంటే అలా ఉండాలని ప్రార్థనకి వచ్చేవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఆస్పత్రి గురించి ఇక్కడ ఇంకేమీ రాయను.

సెప్టెంబర్ 23

లూసీ ఫ్రిజ్ మీద ఆకాశం ఫోటో అంటించింది. ఎర్ర పెన్సిల్‌తో బాక్స్ గీసి ఉంది. అందులో ఒక మూల చిన్న చుక్క. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"ఇదేనండీ. చూడండి, ఇదే" అంటుంది, అన్నం తింటూ.

అది ఫోటో మీద మచ్చ కూడా కావచ్చు. ఆ మాట నేను అనలేదు. వచ్చే నెల చిలీలో వాల్టర్ స్నేహితుడికి పెద్ద టెలిస్కోపు మీద మూడు రాత్రులు దొరికాయి, ఈ చుక్కనే చూస్తాడు. వాల్టర్ మా ఇద్దరికీ బాసు. పేపర్‌లో మొదటి పేరు లూసీదే పెడదామన్నాడు. ఆమె ఆ మాట నాకు మూడుసార్లు చెప్పింది, నేను మూడుసార్లూ కొత్తగా విన్నట్టు విన్నాను.

అక్టోబర్ 6

యూరప్ వాళ్ళ దగ్గర్నుంచి టెలెక్స్. వాళ్ళ శాటిలైట్‌కి కూడా జూలై బర్స్ట్ తగిలిందట, టైమ్ ఇప్పటికి తేల్చారు. మంచిదే, మూడో రింగ్ గీయొచ్చు. అది కూడా బాక్స్‌లోంచి పోతే ఇక తిరుగులేదు.

గీశాను. పోవడం లేదు.

అక్టోబర్ 7

యూరప్ వాళ్ళదే తప్పు.

అక్టోబర్ 8

యూరప్ వాళ్ళది తప్పు కాదు.

పొద్దున్నించీ నాకు తెలిసిందే మళ్ళీ మళ్ళీ లెక్కేసుకుంటున్నాను. మా దూరపు శాటిలైట్ టైమ్‌లోంచి ఒక్క సెకను తీసేస్తే మూడు రింగులూ ఒకే చోట కలుస్తున్నాయి. సరిగ్గా ఒక్క సెకను. గడియారం చెడిపోతే అంత గుండ్రంగా చెడిపోదు. అది మనుషులు చేసే తప్పు.

భూమి నెమ్మదిగా తిరుగుతోందని జూన్ ఆఖర్న ప్రపంచంలో గడియారాలన్నిటికీ ఒక సెకను కలిపారు, లీప్ సెకండ్ అంటారు. దూరపు శాటిలైట్ గడియారాన్ని సరిచేసే మా టేబుల్‌లోనూ కలపాలి. అది లూసీ పని. లూసీ అప్పటికి మంచం మీద ఉంది. వాల్టర్ వచ్చి, లీప్ సెకండ్ పడిందా అని అడిగాడు. అంతకుముందు రోజే, ఆమెకి ఇంకా టైమ్ కావాలంటే తాత్కాలికంగా వేరే మనిషిని పెడదాం అన్నాడు. ఈ దేశంలో తాత్కాలికంగా వచ్చినవాడు కుర్చీ వదలడు. అందుకని, "వెళ్ళకముందే వేసేసింది" అన్నాను. తేదీతో ముందుగానే వేసి పెట్టుకోవచ్చు, కాబట్టి నా మాట అతికింది. ఆ మధ్యాహ్నం ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, సెకను నేనే కలిపాను. చిన్న పని. ఆమెకి చెప్పలేదు. ఆ రోజుల్లో ఏం చెప్పినా ఆమెకి వినపడేది కాదు.

జూలైలో వచ్చి తన పని తను చేసి ఉంటుంది. సెకను కలిపి ఉంటుంది; అప్పటికే ఎవరైనా కలిపారో లేదో ఆ టేబుల్ చూపించదు. తరవాతి వారమే బర్స్ట్ వచ్చింది. రెండు రింగులు ఎక్కడో ఒకచోట ఎలాగూ క్రాస్ అవుతాయి, తప్పుని పట్టుకునే మూడోది అప్పుడు లేదు.

అసలు బాక్స్ చంద్రుడి వెడల్పులో పావు వంతు పక్కకి ఉంది. పెద్ద టెలిస్కోపుకి అది పక్క ఊరు. ఫ్రిజ్ మీది చుక్కకీ బర్స్ట్‌కీ ఏ సంబంధమూ లేదు.

ఇవాళే చెప్తాను.

అక్టోబర్ 9

నిన్న రాత్రి చేపల పులుసు పెట్టింది. ఇంటికి రాగానే వాసన. ఆరు నెలలై ఉంటుంది ఆమె పులుసు పెట్టి. ఆ పూట ఎలా చెప్పను? పోనీ ఆమె సంగతి పక్కన పెడదాం. ఇంకొకళ్ళ పాస్‌వర్డ్ వాడితే ల్యాబ్‌లో ఉద్యోగం ఊడుతుంది. మా ఇద్దరి వీసా నా ఉద్యోగం మీద ఉంది, ఫిబ్రవరిలో గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ. అది కూడా ఆమె కోసమే కదా.

చుక్కని చూస్తూ తింది.

అక్టోబర్ 13

వాల్టర్ తెలివితక్కువవాడు కాదు. ఆ ఒక్క సెకను తనే పట్టుకున్నాడు. మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మెల్లగానే మాట్లాడాడు, అరిచినా బాగుండేది.

లీప్ సెకండ్ రెండుసార్లు పడిందన్నాడు. "లూసీ, నువ్వు లీవ్‌కి వెళ్ళకముందే వేశావని దేవ్ చెప్పాడు" అని నన్ను చూపించాడు. " వచ్చాక మళ్ళీ వేశావా?"

"వచ్చాక వేశాను" అంది లూసీ. "ముందు వేసినట్టు గుర్తు లేదు." అని నా వైపు చూసింది.

అప్పుడు చెప్పవలసింది. నాలుక మీద ఉంది. వాల్టర్ బల్ల మీది కాగితం వైపు తల తిప్పాను.

ఆమే అంది: "వేసే ఉంటాను. నాకు ఆ రోజులు సరిగ్గా గుర్తు లేవు."

ఎవరికైనా జరుగుతుంది, నువ్వు చాలా కష్టంలో ఉన్నావు అన్నాడు వాల్టర్. చిలీకి తనే ఫోన్ చేస్తానన్నాడు.

కారులో వాల్‌నట్ క్రీక్ ఊరు దాటాక అడిగింది. "ఏవండీ, ముందే వేశానని మీకు నేనే చెప్పానా?"

"చెప్పావనుకుంటా" అన్నాను.

అక్టోబర్ 14

ఫ్రిజ్ మీద ఫోటో లేదు. ఎక్కడ పెట్టావని నేను అడగలేదు.

అక్టోబర్ 17

ఈ పేజీ రాయకుండా ఉంటే బాగుండునని ఉంది.

జ్ఞానమ్మగారింట్లో ప్రార్థన. ఎవరికైనా ప్రార్థన మనవులు ఉన్నాయా అని అడిగారు. ఎవరో ఉద్యోగం అన్నారు, ఎవరో షుగర్ అన్నారు. లూసీ ఎప్పుడూ ఏమీ అడగదు. ఇవాళ లేచి నిలబడింది.

"నా మతి కోసం ప్రార్థన చేయండి. చేసిన పని చేసినట్టు గుర్తుండట్లేదు" అంది. పైకే అంది, అందరికీ వినపడేలా.

జ్ఞానమ్మగారు లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "ప్రభువా, నీ బిడ్డ లూసీని జ్ఞాపకం చేసుకో. చెదిరిన ఆమె మనస్సును నీ చేతులతో కూర్చు. ఆమె తలంపులను స్వస్థపరచు తండ్రీ" అని గొంతెత్తి ప్రార్థించారు. కుర్చీల్లో కూర్చున్న ఇరవై మందీ కళ్ళు మూసుకుని నిట్టూర్చారు. నేను లూసీ పక్కనే ఉన్నాను. స్వస్థపరచవలసింది ఏదీ లేదని ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమేన్ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను.

తరవాత వంటింట్లో జ్ఞానమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. ఆవిడ నర్సు, పాతికేళ్ళుగా ఇదే పని. "బాబూ, అమ్మాయిని డాక్టర్‌కి చూపించు. డిలే చెయ్యకు. కాన్పు తరవాత కొందరికి ఇలా దిగులు లోపలికి దిగిపోతుంది. నీలాంటి భర్త ఉన్నాడు కాబట్టి నిలబడింది."

థ్యాంక్స్ ఆంటీ అన్నాను.

అక్టోబర్ 20

స్టవ్ ఆపానా అని అడిగింది. ఆపావన్నాను. వెళ్ళి చూసొచ్చింది. మళ్ళీ వెళ్ళి చూసొచ్చింది.

అక్టోబర్ 27

డ్రైవింగ్ మానేసింది. "ఫ్రీవే మీద ఉండగా ఎగ్జిట్ దాటిపోయానో లేదో డౌట్ వస్తోందండీ. ఎవరినైనా గుద్దేస్తాను" అంది. కుళాయి కట్టేశానా, తలుపు వేశానా, ఈ మాట ఇందాక అన్నానా అని నన్ను అడుగుతుంది. ప్రతిదానికీ నేను సాక్షిని. నా మాటంటే అంత గురి.

గడియారాల టేబుల్ వేరేవాళ్ళకి ఇవ్వమని వాల్టర్‌ని తనే అడిగింది. వాల్టర్ నాకిచ్చాడు. తాత్కాలికంగా వచ్చినవాడు కుర్చీ వదలడని రాశాను కదా.

నవంబర్ 2

కొత్త బాక్స్ ఫోటో వచ్చింది. ఈసారి సరైన బాక్స్. నేను కట్టాను.

అందులో ఏమీ లేదు. మచ్చ కూడా లేదు.

నవంబర్ 9

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళినవాణ్ణి నేనే, బిల్లు కట్టిందీ నేనే, ఆమె చెప్పలేకపోయినచోట అందించిందీ నేనే. ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగితే జూన్ నుంచి అంది. మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే నిద్ర పడుతుందట, మనసు కొంచెం మందంగా ఉంటుందట.

మందంగా ఉండటం కూడా కొంత మేలేనేమో. ఇప్పుడు చెప్తే తట్టుకోలేదు. కాస్త కోలుకోనీ, అప్పుడు చెప్తాను. ఈ వాక్యం మళ్ళీ చదువుకున్నాను. మతి పోయిందని నమ్మించిందీ నేనే; ఆ బాధలోంచి కోలుకున్నాక, అసలు పోనేలేదని చెప్తానట. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు.

నవంబర్ 12

వచ్చే వారం రిజైన్ చేస్తానంది. "నన్ను నేనే నమ్మలేనప్పుడు, నేనిచ్చిన నంబర్ ఎవరు నమ్ముతారండీ?"

తొందరపడకన్నాను. అంతే అన్నాను.

నవంబర్ 14

చెప్పాను.

అనుకుని చెప్పలేదు. మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ కింద లాండ్రీ రూమ్‌లో ఉన్నాం. ఇంకెవరూ లేరు. లూసీ బట్టలు మెషీన్‌లో వేసి, సబ్బు పొడి డబ్బా చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది.

"సబ్బు వేశానా?"

"వేశావు."

"మీరు చూశారా? నిజంగా వేశానా? లేకపోతే వేద్దామనుకుని..." డబ్బా మూత తీసింది, పెట్టింది, తీసింది. ఆమె మొహం చూశాను. ముప్పై ఏళ్ళ మనిషి, శాటిలైట్ గడియారం వెయ్యో వంతు సెకను తప్పితే పట్టుకునే మనిషి, చెంచాడు సబ్బు కోసం ఏడవబోతోంది.

"వేశావు లూసీ. ఒక్కసారే వేశావు" అన్నాను. "ఆ సెకను కూడా నువ్వు ఒక్కసారే వేశావు."

డబ్బా మెషీన్ మీద పెట్టింది. "మరి రెండోది?"

"నేను. నువ్వు మంచం మీద ఉన్నప్పుడు. నీ పాస్‌వర్డ్‌తో. వాల్టర్ అడిగితే నువ్వే వేసి వెళ్ళావని అబద్ధం చెప్పాను."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నేను గబగబా అన్నీ చెప్పేశాను. కుర్చీ పోతుందని భయపడిన సంగతి, యూరప్ టెలెక్స్ సంగతి, వీసా సంగతి. వింటోందో లేదో తెలియలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"టెలెక్స్ వచ్చిన మూడో రోజు నుంచి."

"అంటే జ్ఞానమ్మ ఆంటీ నా తల మీద చెయ్యి పెట్టినప్పుడు తెలుసు."

"తెలుసు."

"ఆమేన్ అన్నారు."

"అన్నాను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లేచి మెషీన్ ఆన్ చేసింది. నీళ్ళు పడటం మొదలయ్యాక, నాతో కాదు, ఊరికే తనలో తను అన్నట్టుగా, "అయితే నా మతి బాగానే ఉంది" అంది. ఇంకోసారి అంది. ఆమె మొహంలోకి ఏదో తిరిగి వచ్చింది, కళ్ళారా చూశాను. నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది. పీడా వదిలింది అనుకున్నాను. రేపు వాల్టర్‌కి చెప్తారా అని అడిగితే చెప్తానన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. పోతే ఉద్యోగం పోతుంది. ఇద్దరం ఎక్కడో ఒకచోట బతుకుతాం.

మెషీన్ తిరుగుతోంది. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇంకొకటి అడుగుతాను. అబద్ధం చెప్పకండి."

"చెప్పను."

"ఆస్పత్రిలో నాకు ఏడుపు వినపడింది. సన్నగా. ఒక్కసారి. వాడు ఏడ్చాడు అంటే మీరు కాదన్నారు. పక్క గదిలో ఎవరి బిడ్డో అన్నారు. కడుపులోనే పోయాడు, మత్తు మందుకి నీకు అలా వినపడుతోంది అన్నారు. నా చెవులు నాకు అబద్ధం చెప్తున్నాయని నమ్మాను. అప్పట్నుంచే నన్ను నేను నమ్మడం మానేశాను. నాకు వినపడింది మన వాడేనా?"

ఆస్పత్రి గురించి ఇక్కడ రాయనన్నాను. డాక్టర్ ఆశ లేదన్నాడు. ఆమెకి సగం తెలివి, సగం మత్తు. చూసి పోగొట్టుకోవడం కంటే చూడకుండా పోగొట్టుకోవడం నయమని ఆ గదిలో నిలబడి నేనొక్కణ్ణే తీర్మానించాను. కాగితాలు ఆమె కంట పడనివ్వకపోవడం కూడా అందుకే. ప్రేమతోనే చేశానని ఇవాళ్టికీ అనుకుంటున్నాను.

"మన వాడే" అన్నాను.

"బతికాడా?"

"కొంచెంసేపు."

"ఎవరు ఎత్తుకున్నారు?"

"నేను."

"పోయేదాకా?"

"పోయేదాకా."

ఆమె ఏడవలేదు. తల ఆడించింది, లెక్క సరిపోయినప్పుడు ఆడించినట్టే. బట్టలు మెషీన్‌లోనే వదిలేసి పైకి వెళ్ళి, కోటు వేసుకుని, కారు తాళాలు తీసుకుని వచ్చింది. వాడి దగ్గరికి వెళ్తానంది. సిమెటరీకి దారి తెలుసా అని అడిగాను. తెలుసంది. నేను డ్రైవ్ చేస్తాను, ఇద్దరం వెళ్దాం అన్నాను.

"వద్దు" అంది. "మీరు వాణ్ణి చూశారు."